"దీనికి ముందు ఏంటి?" : తిండి పుట్టుక గురించి మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి, తినే తిండి ఎక్కడ్నుంచి వస్తుందో పిల్లలకి ఎలా చెప్పాలి అని. చిన్నపిల్లలతో కుండీలు, విత్తనాలు పట్టుకుని చాలా ఏళ్లు గడిపినదాన్ని కాబట్టి ఈ విషయం వస్తే నాకు మాట ఆగదు. అందుకే కొన్ని జవాబులు పొడుగయ్యాయి, కొన్ని నాలుగు ముక్కల్లో అయిపోయాయి, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మా పాపకి ఆరేళ్లు. మొన్న చుట్టాలొచ్చినప్పుడు ఎవరో "పాలు ఎవరిస్తారమ్మా?" అని అడిగితే "ఫ్రిజ్" అంది. అందరూ పగలబడి నవ్వారు, అది లోపలికెళ్లి ఏడ్చింది. తర్వాత నేను ఆవు బొమ్మ చూపించి చెప్పాను. వింది కానీ నమ్మినట్టు లేదు, "మరి ఆవు ప్యాకెట్ ఎలా చేస్తుంది?" అని అడిగింది. నాకేం చెప్పాలో తోచలేదు. — ఒక అమ్మ

జవాబు: ముందు పాపని దగ్గరకి తీసుకుని నువ్వు చెప్పింది తప్పేం కాదు అని చెప్పండమ్మా, ఎందుకంటే తను పుట్టినప్పట్నుంచీ పాలు ఫ్రిజ్‌లోంచే రావడం చూసింది, చూసిందే చెప్పింది. పెద్దవాళ్లం మనం మాత్రం చూడని విషయంలో ఇంతకంటే తెలివిగా ఏం ఉంటాం? 1957 ఏప్రిల్ 1న బీబీసీ టీవీలో పనోరమా అనే ప్రోగ్రాంలో, స్విట్జర్లాండ్‌లో ఒక కుటుంబం చెట్ల కొమ్మల నుంచి స్పగెట్టీ (సేమ్యాలా పొడుగ్గా ఉంటుంది) పోగులు కోసి ఎండబెడుతున్నట్టు సరదాకి చూపించారు, అది నిజమనుకుని ఆ చెట్టు మేం కూడా పెంచాలంటే ఎలా అని ఫోన్లు చేసి అడిగినవాళ్లు బోలెడుమంది. అందరూ పెద్దవాళ్లే. అప్పటికి బ్రిటన్‌లో స్పగెట్టీ రోజూ తినే తిండి కాదు, గోధుమపిండి పిసికి చేస్తారన్న మధ్యలో మెట్టు వాళ్లెవరూ చూడలేదు, అంతే. మీ పాపకీ అదే జరిగింది.

ఇంక తను అడిగిన రెండో ప్రశ్న ఉంది చూశారూ, ఆవు ప్యాకెట్ ఎలా చేస్తుంది అని, అది చదివి నాకు ఎంత ముచ్చటేసిందో. మనం ఆవు బొమ్మ చూపించి ఈ చివర ఆవు, ఆ చివర ప్యాకెట్ పెట్టేసి పని అయిపోయిందనుకుంటాం, మధ్యలో ఏదో ఖాళీ ఉందని ఆరేళ్ల పిల్ల పట్టేసింది. ఆ ఖాళీ పూడ్చడమే మీ పని.

నేను పిల్లలతో ఒక ఆట ఆడేదాన్ని, "దీనికి ముందు ఏంటి?" అని. ప్యాకెట్ చేతిలో పట్టుకుని మొదలెట్టండి. ఫ్రిజ్‌కి ముందు? షాపు. షాపుకి ముందు? చల్లగా ఉండే బండి. దానికి ముందు పాల ఫ్యాక్టరీ, అక్కడ పాలని 72 డిగ్రీల దాకా వేడిచేసి 15 సెకన్లు అలా ఉంచి వెంటనే చల్లార్చేస్తారు, జబ్బు చేసే సూక్ష్మజీవులు చచ్చిపోవాలని, ఆ తర్వాత మిషన్ ప్యాకెట్లలో నింపుతుంది. ప్యాకెట్ చేసింది మిషన్ అని తెలియగానే పాపకి సగం గుండె కుదుటపడుతుంది చూడండి. దానికి ముందు ట్యాంకర్, దానికి ముందు పాలు పితికిన మనిషి, దానికి ముందు ఆవు, ఆవుకి ముందు గడ్డి, నీళ్లు. గడ్డికి ముందు మట్టి, వాన, ఎండ. ఇదంతా ఒక్కరోజులో అవ్వక్కర్లేదు, రోజుకి రెండు మెట్లు చాలు, మీకు తెలియని మెట్టు వస్తే "నాకూ తెలీదు, ఇద్దరం కనుక్కుందాం" అనండి.

ఇందులో చాలామంది దాటేసే మెట్టు ఒకటుంది, దూడ. ఆవు కుళాయి లాంటిది, తిప్పితే పాలొస్తాయి అనుకునే పెద్దవాళ్లు కూడా నాకు తెలుసు. ఆవు తొమ్మిది నెలలు మోసి ఈనితేనే పాలు, అవి దూడ కోసం వచ్చిన పాలు, అందులోంచి మనం తీసుకుంటాం. ఇది చెప్పండి. పాప కాసేపు దిగులుపడొచ్చు, మరి దూడకి మిగులుతాయా అని అడగొచ్చు, అడగనివ్వండి.

వీలైతే ఒక్కసారి పాలు పితికే చోటికి తీసుకెళ్లండి. ఖాళీ గిన్నె అడుగుకి మొదటి ధార తగిలినప్పుడు టింగుమని మోగుతుంది, గిన్నె నిండేకొద్దీ ఆ చప్పుడు మెత్తబడి నురగలో కలిసిపోతుంది. గిన్నె బయట చెయ్యి పెట్టిస్తే వెచ్చగా ఉంటుంది. ఫ్రిజ్‌లో చల్లటి పాలు తప్ప తెలియని పిల్లలు అక్కడే ఆగిపోతారు, ఒకమ్మాయైతే "ఎవరు వేడిచేశారు?" అని నా కొంగు పట్టుకు లాగింది. అక్కడ పచ్చిపాలు మాత్రం తాగించకండి, కాచాకే.

ప్రశ్న: నేను ప్రైమరీ స్కూల్ టీచర్ని. నా క్లాసులో 40 మంది, స్కూల్‌కి గ్రౌండ్ లేదు, కిటికీ గట్టు ఒక్కటే దిక్కు. పోయినసారి గిన్నెలో దూది పెట్టి గింజలు వేయించాను, నాలుగో రోజుకి బూజు పట్టి వాసనొచ్చి పారేశాం. పిల్లలు చాలా బాధపడ్డారు. మళ్లీ మొదలెట్టాలంటే భయంగా ఉంది. — ఒక టీచర్

జవాబు: టీచర్ గారూ, మళ్లీ మొదలెట్టండి, మీ కిటికీ గట్టు బ్రహ్మాండంగా సరిపోతుంది. బూజు ఎందుకొచ్చిందో మీరు రాసిన దాన్నిబట్టి నాకు అర్థమైంది, గింజలు ఎక్కువ, నీళ్లు ఎక్కువ, గాలి తక్కువ. 40 మంది పిల్లలుంటే 40 మందీ నీళ్లు పోస్తారు కదా మరి!

ఈసారి ఇలా చేయండి. చిక్కుడు జాతి గింజలు ఏవైనా రాత్రంతా నానబెట్టండి. అవతలివైపు కనబడే గాజు గ్లాసు తీసుకుని లోపల గోడకి ఆనుకునేలా మందపాటి కాగితం చుట్టి పెట్టండి, కాగితానికీ గాజుకీ మధ్య గింజ ఇరికించండి, గ్లాసుకి రెండు గింజలే. నీళ్లు అడుగున వేలెడు మందం చాలు, కాగితం తనే పైకి పీల్చుకుంటుంది, గింజ నీళ్లలో మునగకూడదు. నలుగురికో ఐదుగురికో కలిపి ఒక గ్లాసు, రోజుకి ఒక్కరికే నీళ్ల డ్యూటీ.

రెండు మూడు రోజుల్లో గింజ పక్కనుంచి తెల్లటి ముక్కు లాంటిది బయటికొస్తుంది, అది వేరు, అది కిందికే పోతుంది. అప్పుడు ఒక గ్లాసుని జాగ్రత్తగా పక్కకి పడుకోబెట్టండి. మర్నాటికల్లా వేరు వంగి మళ్లీ కిందికి తిరిగి ఉంటుంది. ఇది చూసినప్పుడు క్లాసులో వచ్చే అరుపు ఉంటుందే, దానికోసమైనా చేయాలి. ఆ తర్వాత కాండం నిటారుగా కాకుండా మెడ వంచుకుని బయటికొస్తుంది, వెలుగు తగిలాక నెమ్మదిగా తలెత్తుతుంది. గింజ రెండు బద్దలూ రోజురోజుకీ ముడతలుపడి చిక్కిపోతాయి. ఎందుకంటే అది తల్లి మొక్క పిల్ల మొక్క కోసం కట్టిపెట్టిన తిండి, ఆకులొచ్చి సొంతంగా వండుకునేదాకా అదే తింటుంది. ఇక్కడ పిల్లల్ని ఒక్క మాట అడగండి, మనం గింజలు తింటున్నామంటే ఎవరి తిండి తింటున్నట్టు అని. వాళ్లే చెప్తారు, మీరు చెప్పక్కర్లేదు.

జాగ్రత్తలు రెండు మూడున్నాయి, ఇవి మాత్రం మర్చిపోకండి. విత్తనాల షాపులో అమ్మే గింజలకి చాలాసార్లు మందు పట్టించి ఉంటుంది, గులాబీ రంగో పచ్చ రంగో పూసి ఉంటే అవి పిల్లల చేతికి ఇవ్వొద్దు, వంటింట్లో డబ్బాలో ఉన్నవే తెచ్చుకోండి. పచ్చి గింజలు నోట్లో పెట్టుకోనివ్వొద్దు, ముఖ్యంగా రాజ్మా లాంటివి ఉడక్కుండా తింటే కడుపులో బాగా తేడా చేస్తుంది. మట్టి ముట్టుకున్నాక సబ్బుతో చేతులు. అంతే.

తినేదేదైనా పండించాలనుంటే ఎర్ర ముల్లంగి పెట్టండి, చిన్న రకాలు నెల తిరిగేసరికి పీకొచ్చు, పిల్లల ఓపికకి అది సరిగ్గా సరిపోతుంది. బంగాళాదుంప కన్ను ఉన్న ముక్క కోసి గోనెసంచిలో మట్టి నింపి పాతితే మూడు నాలుగు నెలలు పడుతుంది, కానీ ఆ సంచి కుమ్మరించే రోజు పండగే. పచ్చగా మారిన దుంపలు వస్తే అవి మాత్రం తినకూడదని చెప్పండి, అందులో సోలనిన్ అనే విషపదార్థం చేరుతుంది. క్యారెట్ తల కోసి నీళ్లలో పెడితే క్యారెట్ వస్తుందని కొందరు పిల్లలకి చెప్తుంటారు, రాదు, ఆకులే వస్తాయి, నెలరోజులు ఎదురుచూసి ఆ పిల్లలు పడే నిరాశ నేను చూశాను.

కుండీ కాస్త పెద్దది దొరికితే వేరుశనగ వేయండి, నా ఓటు దానికే. పసుపు పువ్వు పైన పూస్తుంది, కాయ నేలలో ఉంటుంది, ఇదెలా? పువ్వు వాడిపోయాక దాని మొదట్లోంచి సన్నటి ఊడ ఒకటి కిందికి దిగి మట్టిలోకి గుచ్చుకుంటుంది, ఆ ఊడ చివరే కాయ అవుతుంది. రైతులు "ఊడలు దిగుతున్నాయి" అనేది దీన్నే. ఇది చూసిన పిల్లలు జన్మలో మర్చిపోరు.

మీ బడికి చోటు లేదని దిగులుపడకండి. 1995లో ఆలిస్ వాటర్స్ అనే వంటావిడ అమెరికాలో బర్కిలీలోని ఒక మిడిల్ స్కూల్లో వాడకుండా పడున్న ఎకరం జాగాని తోటగా మార్చడం మొదలుపెట్టారు, పిల్లలే దున్ని, నాటి, కోసి, అక్కడే వంటగదిలో వండుకోవడం పాఠంలో భాగం అయిపోయింది. ఎకరం లేకపోతే గట్టు. చచ్చిపోయిన మొక్కని కూడా గబుక్కున పారేయకండి, ఎందుకు చచ్చిపోయిందో పిల్లలతో మాట్లాడండి, రైతుకి కూడా వేసిన ప్రతి గింజా మొలవదు కదా.

ప్రశ్న: మేం మాంసం తింటాం. మా ఐదేళ్ల అమ్మాయి ప్లేట్లో ముక్క చూపించి "నాన్నా, ఈ కోడీ, బొమ్మల పుస్తకంలో కోడీ ఒకటేనా?" అంది. నేను "కాదురా, ఇది వేరే కోడి" అని మాట మార్చేశాను. అప్పట్నుంచి మనసులో గుచ్చుకుంటోంది. నిజం చెప్తే భయపడుతుందేమో, తినడం మానేస్తుందేమో. — ఒక నాన్న

జవాబు: నిజమే చెప్పండి. ఈ వారంలోనే చెప్పండి, "ఆరోజు నువ్వడిగినప్పుడు నేను సరిగ్గా చెప్పలేదమ్మా" అని మీరే మొదలుపెట్టండి. ఎందుకంటే అది ఎలాగూ ఎక్కడో ఒకచోట తెలుసుకుంటుంది, అప్పుడు కోడి గురించి పడే బాధ కంటే నాన్న అబద్ధం చెప్పాడన్న బాధ ఎక్కువ ఉంటుంది.

ఎలా చెప్పాలంటే, చాలా తక్కువ మాటల్లో. "అవునమ్మా, ఒకటే. కోడిని చంపి, శుభ్రం చేసి, వండుకుంటాం." అక్కడ ఆపేయండి. మనం చేసే పెద్ద పొరపాటు ఏంటంటే ఆ వెంటనే కంగారుపడి అందరూ తింటారు, బలం వస్తుంది, దేవుడు అందుకే పుట్టించాడు అని వరసపెట్టి వాదించేస్తాం, పాప ఇంకా ఏమీ అననేలేదు! ఆగండి, తను అడిగినంతకే జవాబు.

మా చిన్నోడికి నాలుగేళ్లప్పుడు నేను చేప తోముతుంటే పక్కన కూర్చున్నాడు. పొలుసులు వాడి వేళ్లకి అంటుకుని మెరుస్తుంటే ఎండలో పెట్టి తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు, ఉన్నట్టుండి "దీనికి నొప్పేసిందా?" అన్నాడు. నా చేతిలో కత్తి ఆగిపోయింది. "వేసే ఉంటుంది నాన్నా" అన్నాను, ఇంకేం అనలేకపోయాను. వాడు చాలాసేపు ఆ చేప కన్ను చూస్తూ కూర్చున్నాడు. ఆరోజు తినలేదు, ఇంకో రెండు వారాలు ముట్టలేదు, నేను అడగలేదు, తర్వాత ఒకరోజు వాడే ప్లేటు జరిపాడు. ఒకవేళ జరపకపోయినా నాకు ఫర్వాలేదనే అనుకున్నాను.

మీ అమ్మాయి మానేస్తానంటే మానేయనివ్వండి, బలవంతం వద్దు, వెక్కిరింపు అసలే వద్దు. పప్పుధాన్యాలు, గుడ్లు, పాలు తింటుంటే ఇబ్బందేం లేదు, పాలు గుడ్లు కూడా వద్దనేదాకా వస్తే మాత్రం విటమిన్ బి12 సంగతి డాక్టర్‌ని అడగండి, అది మొక్కల తిండిలో దొరకదు. నిజం చెప్పమన్నాను కదా అని ఫోన్లో కోళ్లు కోసే వీడియోలు చూపించకండి, ఐదేళ్ల పిల్లకి మాట చాలు.

గుడ్డు గురించి కూడా తప్పకుండా అడుగుతుంది, ఇందులో పిల్ల ఉందా అని. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, షాపులో కొనే గుడ్లు దాదాపు అన్నీ అలాంటివే, వాటిలోంచి పిల్ల రాదు. పుంజుతో కలిసిన పెట్ట పెట్టిన గుడ్డుని 21 రోజులు వెచ్చగా పొదిగితేనే పిల్ల.

మాంసం తినని ఇళ్లవాళ్లకి కూడా ఒక మాట. మీ పిల్లలకి మీ పద్ధతి ఎందుకో చెప్పండి, కానీ పక్క పిల్లాడి బాక్సు చూసి ముక్కు మూసుకునేలా మాత్రం నేర్పకండి. ఆ పిల్లాడు బాక్సు మూత సగమే తీసి దాచుకుని తినడం నేను చూశాను, అది చూశాక నాకా రోజు అన్నం సహించలేదు.

ప్రశ్న: టమాటా పండా, కూరగాయా? మా ఇంట్లో అన్నాచెల్లెళ్లు రెండ్రోజులుగా కొట్టుకుంటున్నారు. — ఒక పిన్ని

జవాబు: ఇద్దరిదీ కరెక్టే. పువ్వులోంచి వచ్చి లోపల గింజలున్నది ఏదైనా మొక్క లెక్కలో పండే, కాబట్టి టమాటా, వంకాయ, దోసకాయ, గుమ్మడికాయ అన్నీ పళ్లే. వంటింటి లెక్క వేరు. ఈ గొడవ 1893లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, దిగుమతి పన్ను కూరగాయలకి ఉంది, పళ్లకి లేదు, జనం టమాటాని కూరలాగే తింటారు కాబట్టి పన్ను కట్టాల్సిందే అని తీర్పు ఇచ్చారు. వాళ్లిద్దర్నీ ఈసారి కూరగాయల సంచి ముందు కూర్చోబెట్టి ఏది మొక్కలో ఏ భాగమో విడదీయమనండి, క్యారెట్ వేరు, బంగాళాదుంప కాండం, ఉల్లిపాయ ఆకుల మొదళ్లు, క్యాలీఫ్లవర్ విచ్చుకోని పూత. బంగాళాదుంప దగ్గర మళ్లీ కొట్టుకుంటారు, దానికి కళ్లున్నాయి కదా, కళ్లలోంచి కొమ్మలొస్తాయి కదా, వేరుకి అలా రావు అని చెప్పండి.

ప్రశ్న: నేను నలభై ఏళ్లు వ్యవసాయం చేశాను. ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నాను. మనవడికి పదేళ్లు, మనవరాలికి ఏడు. అన్నం విలువ తెలియాలని మేం పడ్డ కష్టాలు చెప్తుంటే ఫోన్ చూసుకుంటూ ఊఁ కొడతారు. చివరికి నాకే కోపమొచ్చి అరుస్తాను. నా మాట వాళ్లకి ఎక్కేదెలా? — ఒక తాతయ్య

జవాబు: తాతయ్య గారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ దగ్గర ఉన్నంత సరుకు నాలాంటివాళ్ల దగ్గర ఏ జన్మకీ ఉండదు, కానీ మీరు కష్టంతో మొదలుపెడుతున్నారు, పిల్లలకి అది తిట్టులాగా వినిపిస్తుంది. మీరు పడ్డ కష్టానికి తామేదో తప్పు చేసినట్టు. మాటలు కాసేపు పక్కనపెట్టి వాళ్ల చేతికి ఏదైనా ఇవ్వండి.

గుప్పెడు వడ్లు తెప్పించుకోండి, పొట్టు తీయనివి. గోళ్లతో ఒక్కో గింజా ఒలవమనండి, లోపల గోధుమరంగు బియ్యపుగింజ కనబడుతుంది, షాపులో బియ్యంలా తెల్లగా లేదేంటని అడుగుతారు, ఆ పైన ఉన్నది తవుడు పొర, మిల్లులో అది కూడా గీకేస్తే తెల్లబడుతుంది అని అప్పుడు చెప్పండి. ఒక చెంచా నిండేదాకా ఒలవమనండి. ఎంతసేపు పట్టిందో వాళ్లే చూసుకుంటారు. గోధుమ కంకి దొరికితే ఇంకా మంచిది, అరచేతుల మధ్య నలిపి, ఉఫ్ అని ఊది, పొట్టు ఎగిరిపోయాక మిగిలిన గింజలు నాలుగు నమలమనండి, నమలగా నమలగా చూయింగ్ గమ్‌లాగా సాగుతుంది. పదేళ్లవాడు ఫోన్ కింద పెట్టకపోతే నన్నడగండి.

వరి కంకి ఒకటి ఇచ్చి గింజలు లెక్కపెట్టమనండి. ఒక్క గింజ నాటితే ఒక దుబ్బు, దుబ్బుకి ఎన్నో కంకులు, కంకికి ఎన్నో గింజలు, ఈ లెక్క మనవడి చేత వేయించండి. నారు పోసిన దగ్గర్నుంచి కోత దాకా నాలుగు నెలలు, క్యాలెండర్ ముందు పెట్టుకుని ఆ నాలుగు నెలల్లో మీరు ఏ వారం ఏం చేసేవారో వాళ్ల చేతే గుర్తులు పెట్టించండి. వర్షం పడకూడని వారం ఏదో, పడాల్సిన వారం ఏదో చెప్పండి. పంట పోయిన ఏడాది గురించి కూడా చెప్పండి, కానీ ఒక కథలాగా, ఆ రోజు పొద్దున్న లేచి చూసేసరికి ఏం కనబడిందో, మీరు ముందు ఏ గట్టు మీదికి పరిగెత్తారో.

ఫోన్‌తో కూడా పేచీ వద్దు. మనవరాలికి ఫోన్ ఇచ్చి "నేను మట్టి చూసి పదును తెలుసుకోవడం వీడియో తియ్యి" అనండి. కొంచెం మట్టి పిడికిట్లో పట్టి ముద్ద చేసి వేలితో నొక్కి చూపించండి, ముద్ద విరిగిందా, అంటుకుందా, దున్నొచ్చా, ఆగాలా. మీ వేళ్లకి ఇది అలవాటు కాబట్టి మీకిది విద్యలా అనిపించదేమో, నాకు తెలిసి ఇది పుస్తకాల్లో చదివితే వచ్చేది కాదు. ఆ వీడియో వాళ్ల దగ్గర ఉండిపోవాలి.

ప్రశ్న: తిండి ఎలా పండుతుందో మా బాబుకి అన్నీ చెప్పాను, తోటలు కూడా చూపించాను. అయినా ప్లేట్లో సగం వదిలేస్తాడు. "ఆకలితో ఎంతమంది ఉన్నారో తెలుసా" అంటే ఏడుస్తాడు కానీ తినడు. — ఒక అమ్మ

జవాబు: ఆ మాట ఇంక అనకండమ్మా. వాడు కడుపు నిండాక ఇంకో నాలుగు ముద్దలు తింటే ఎక్కడో ఆకలితో ఉన్నవాళ్లకి ఏం ఒరుగుతుంది? వాడికి అది అర్థమవుతుంది, అందుకే ఏడుస్తాడు, ఏం చేయాలో తెలియక.

ప్రపంచంలో పండిన తిండిలో దాదాపు మూడో వంతు పొలం నుంచి ప్లేటు దాకా ఎక్కడో ఒకచోట పాడవుతోందో పారేస్తున్నామో అని 2011లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అంచనా వేసింది. కాబట్టి మీ బెంగ న్యాయమైనదే. కానీ పరిష్కారం చాలా చిన్నది, వడ్డన వాడికే వదిలేయండి. కొంచెం పెట్టుకో, కావాలంటే మళ్లీ పెట్టుకో. జపాన్‌లో చాలా ప్రైమరీ స్కూళ్లలో మధ్యాహ్నం భోజనం పిల్లలే వంతులవారీగా టోపీలు, మాస్కులు పెట్టుకుని క్లాసులో వడ్డిస్తారు, తిన్నాక సర్దేది కూడా వాళ్లే. తిండి గురించి నేర్పడానికి అక్కడ 2005లో ఏకంగా చట్టమే చేశారు, అలా నేర్పడాన్ని వాళ్లు షోకుఇకు అంటారు. వడ్డించే పిల్లాడికి గరిటెకి ఎంత వస్తుందో, ఎవరు ఎంత తింటారో, ఎంత మిగిలిందో చేత్తో తెలుస్తుంది. మీ ఇంట్లో కూడా వారానికి ఒక రోజు మీ అందరికీ వాణ్ణి వడ్డించమనండి.

ప్రశ్న: ఆంటీ, నాకు తొమ్మిదేళ్లు. చాక్లెట్ చెట్టుకి కాస్తుందని మా అన్నయ్య అన్నాడు, నిజమేనా? ఐస్‌క్రీమ్‌లో వెనీలా కూడా చెట్టేనా? ఇంకోటి, మొక్కజొన్న కంకికి జుట్టు ఎందుకుంటుంది? — నాలుగో క్లాసు అమ్మాయి

జవాబు: బంగారం, మీ అన్నయ్య చెప్పింది సగం నిజం. చెట్టుకి కాసేది కోకో కాయ. కొమ్మలకే కాదు, చెట్టు మొద్దుకి కూడా నేరుగా అతుక్కుని కాస్తుంది, చూడ్డానికి విచిత్రంగా ఉంటుంది. కాయ పగలగొడితే తెల్లటి తియ్యటి గుజ్జులో 30, 40 గింజలుంటాయి, కానీ ఆ గింజ నమిలితే చేదు! గుజ్జుతో సహా కొన్ని రోజులు పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, నూరి, చక్కెర కలిపితే అప్పుడు నీకు తెలిసిన చాక్లెట్. ప్రపంచం మొత్తంలో పండే కోకోలో సగానికి పైగా పశ్చిమ ఆఫ్రికాలో ఐవరీ కోస్ట్, ఘనా అనే రెండు దేశాల్లోనే పండుతుంది. అక్కడి తోటల్లో నీ వయసు పిల్లలు కూడా చాలామంది పని చేస్తున్నారు, బడికి వెళ్లాల్సిన టైంలో కత్తులతో కాయలు కొడుతున్నారు. నువ్వు చాక్లెట్ తినొద్దని కాదు నేను చెప్పేది, తొమ్మిదేళ్లదానివి కదా, ఇది నీకు తెలియాలి అనిపించింది.

వెనీలా తీగ. దాని పువ్వు ఒక్క పూటే విచ్చుకుని ఉంటుంది, ఆ కాసేపట్లో పుప్పొడి అందితేనే కాయ. ఆ తీగ పుట్టిన మెక్సికోలో తేనెటీగలు ఆ పని చేసేవి, వేరే దేశాలకి తీసుకెళ్లి నాటితే పువ్వులు పూశాయి కానీ కాయలు కాయలేదు, పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ప్రయత్నించినా తోటల్లో పనికొచ్చే దారి దొరకలేదు. 1841లో రీయూనియన్ అనే దీవిలో ఎడ్మండ్ అనే 12 ఏళ్ల అబ్బాయి సన్నటి పుల్లతో పువ్వులో అడ్డంగా ఉన్న చిన్న పొర పైకెత్తి, బొటనవేలితో పుప్పొడిని నొక్కి అంటించాడు. కాయ కాసింది! ఆ అబ్బాయి అప్పుడు బానిస, బడి మొహం చూడలేదు. బానిసత్వం పోయాక ఎడ్మండ్ ఆల్బియస్ అని ఇంటిపేరు వచ్చింది కానీ, తను కనిపెట్టిన పద్ధతితో చాలామంది డబ్బు సంపాదించినా తను మాత్రం పేదవాడిగానే చనిపోయాడు. ఇప్పటికీ తోటల్లో వెనీలా పువ్వుల్ని ఒక్కొక్కటీ చేత్తో అలాగే కలుపుతారు. ఐస్‌క్రీమ్‌లలో చాలావాటికి వేసేది ఫ్యాక్టరీలో చేసిన వెనీలా వాసన, డబ్బా మీద చదివితే తెలుస్తుంది.

ఇంక మొక్కజొన్న జుట్టు. దాన్ని పీచు అంటారు. మొక్క చిట్టచివర జల్లులా ఉండేది మగపూత, అందులోంచి పుప్పొడి రాలి కింద ఉన్న ఈ పీచు మీద పడుతుంది. ఒక్కో పోగు లోపలికి వెళ్లి ఒక్కో గింజ దగ్గర ఆగుతుంది, పోగుకి పుప్పొడి అంటితేనే ఆ గింజ నిండుతుంది. ఈసారి కంకి ఒలిచేటప్పుడు ఆకులు మెల్లగా తీసి ఒక పోగు పట్టుకుని కిందిదాకా వెతుక్కుంటూ వెళ్లు, ఏ గింజదో కనబడుతుంది. వరసలు కూడా లెక్కపెట్టు, దాదాపు ఎప్పుడూ సరిసంఖ్యే వస్తుంది. మధ్యలో ఎక్కడైనా గింజ లేకుండా బోసిగా కనబడిందనుకో, ఆ చోటికి వచ్చే పోగు మీద పుప్పొడి పడలేదేమో అనుకో, మీ అన్నయ్యకి అది నువ్వే చూపించు.